పడగ్గది గోడకు నెమ్ము ఎటునుంచి వచ్చింది?

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, శ్రావణమాసంలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం)

నమస్కారమండీ. పొద్దుటి నుంచి ముసురు వదల్లేదు, అయినా ఇంతమంది వచ్చారు. తడిసిన గొడుగులు లోపలికి తేవద్దని, వరండాలోనే పెట్టించమని చెప్పింది నేనే. ఇక్కడ పుస్తకాలున్నాయి కదా. ఆ నాలుగు గొడుగుల నీళ్లు కూడా చివరికి గాలిలోకి, గాలిలోంచి కాగితాల్లోకి చేరతాయి. నేను చెప్పబోయే సంగతి కూడా ఇలాంటిదే.

మనం ధాన్యం అమ్మడానికి పట్టుకెళ్తే ముందుగా ఏం చేస్తారు? గుప్పెడు గింజలు తీసి తేమ మిషన్లో పోస్తారు. 17 శాతం దాటితే ఆరబెట్టుకు రమ్మంటారు. మనం రోడ్డు మీద ఆరబోస్తాం, గంటకోసారి కాలితో తిరగేస్తాం, మబ్బు పడితే బరకాలు పట్టుకుని పరుగెడతాం. కురిడీ కొబ్బరి సంగతీ అంతే. అటక మీద గాలి ఆడేలా పేర్చి, నెలల తరబడి కాపలా కాస్తాం. లోపల కాస్త బూజు పట్టిందా, ధర పడిపోతుంది. గింజకీ కాయకీ ఇంత చూసుకునే మనం, మన పిల్లలు రాత్రంతా ఊపిరి పీల్చే గదిలో తేమ ఎంత ఉందో ఎప్పుడైనా కొలిచామా? నేనూ కొలవలేదు. ముప్పై రెండేళ్లు ఇళ్లు కట్టించిన సివిల్ ఇంజనీరుని, మా అమ్మ గదిలో కొలవలేదు. ముందు ఆ సంగతి చెబుతాను.

మా పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టించాను. అమ్మకు నైరుతి గది ఇచ్చాం. అటాచ్డ్ బాత్రూమ్, ఏసీ, గోడలకు నున్నగా పుట్టీ, పైన ఖరీదైన రంగు. అమ్మ పాత ఇనప బీరువాని గోడకు ఆనించి పెట్టాం. రెండో ఏడు సంక్రాంతికి గది సర్దుతూ బీరువా జరిపితే, గోడ మీద సరిగ్గా బీరువా ఆకారంలోనే నల్లటి మచ్చ. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఒక్క మచ్చ కాదు. ఆవగింజంత చుక్కలు వేలకొద్దీ, ఒకదాన్నొకటి తాకుతూ, అంచుల దగ్గర పలచగా, మధ్యలో చిక్కగా ఉన్నాయి. వేలితో రాస్తే మెత్తగా ఉంది, వేలికి మసి అంటినట్టు అంటింది. బీరువా అడుగు అరలో అమ్మ పెళ్లి పట్టుచీర ఉంది. మడత విప్పితే ముక్కిన బియ్యం వాసన. జరీ అంచు పక్కనే తెల్లటి పొడలు. అమ్మ ఏమీ అనలేదు. చీర మళ్లీ మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నేనేం చేశాను? అందరం చేసేదే చేశాను. పెయింటర్ని పిలిచాను. గీకించి, పుట్టీ పట్టించి, నెమ్ము రాదని చెప్పే రంగు వేయించాను. శ్రావణం వచ్చేసరికి మళ్లీ చుక్కలు. ఈసారి కింద నుంచి నెమ్ము ఎక్కుతోందనుకున్నాను. మన నేలలో ఎవరైనా ముందు అనుకునేది అదే. మూడడుగుల ఎత్తు దాకా ప్లాస్టరింగ్ కొట్టించి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్లీ చేయించాను. ఆ మూడడుగులూ శుభ్రంగా ఉంది. దాని పైన, ఛాతీ ఎత్తులో బూజు వచ్చింది. అప్పుడు ఆగాను. కింద నుంచి ఎక్కే నీరు అయితే కింద వదిలేసి పైన ఎలా వస్తుంది?

ఆ చలికాలమంతా అమ్మకు దగ్గు. డాక్టరు గారు చూసి ‘కొంచెం నెమ్ము ఉందండీ’ అన్నారు. గోడకు పట్టేదాన్నీ నెమ్మంటాం, ఊపిరితిత్తులకు పట్టేదాన్నీ నెమ్మే అంటాం. గది వల్లే దగ్గు వచ్చిందని డాక్టరు చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజు గురించే ప్రత్యేకంగా ఒక పుస్తకం వేసింది. అలాంటి ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తున్నాయని అందులో ఉంది. అది తెలిశాక ఆ గదిలో అమ్మను పడుకోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. హాల్లోకి మంచం మార్చి, గది సంగతి మొదటి నుంచీ మళ్లీ చూడటం మొదలుపెట్టాను.

ఇవాళ మీ దగ్గర నాకున్న విన్నపం ఒక్కటే. రంగు డబ్బా కొనే ముందు, తడి ఎటునుంచి వస్తోందో తేల్చుకోండి. మూడు దారులున్నాయి: నేలలోంచి, బయట నుంచి, గాలిలోంచి. మందు మూడింటికీ వేర్వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బు పోతుంది, బూజు ఉంటుంది.

ఎలా తేల్చడం? మన డెల్టాలో దీనికి మంచి క్యాలెండరు ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మన కాలువలు ఏడాదికోసారి కట్టేస్తారు, మళ్లీ వదులుతారు. వేసవిలో కాలువ కట్టేస్తే నుయ్యిలో నీళ్లు దిగుతాయి. ఏరువాకకు నీళ్లొదిలి, చేలల్లో దమ్ము చేసి, ఊడ్పులయ్యేసరికి నేలలో నీళ్లు పైకి వచ్చేస్తాయి. కొన్ని ఊళ్లలో రెండడుగులు తవ్వితే చాలు, నీళ్లూరతాయి. కాబట్టి మీ గోడ కింది భాగంలో తడి కాలువతో పాటు దిగి, కాలువతో పాటు ఎక్కుతోందంటే అది నేలలోంచి వస్తోంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీళ్లు పీలుస్తుంది. ఎక్కువగా మూడడుగుల లోపు, ఇంటి చుట్టూ దాదాపు ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఆగుతుంది. ఆ గీత దగ్గర తెల్లటి ఉప్పు పూత, పొక్కులు, పెచ్చులు.

వాన పడ్డ రోజో, మర్నాడో కనిపించి, ఎండ కాస్తే వారంలో ఆరిపోయే తడి బయట నుంచి వస్తోంది. సన్‌షేడు గోడను కలిసే చోట, కిటికీ కింద, స్లాబు మూలల్లో చూడండి. ఒక గుండ్రని మరకలాగా, అంచు గోధుమరంగులో ఉంటుంది. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా ఒకేచోట తడిగా ఉంటే గోడలో పైపు కారుతోంది. దాన్ని పట్టుకోవడం తేలిక. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టానికి సుద్దముక్కతో గీత పెట్టండి. పొద్దున్నే చూడండి.

మూడోది గాలిలోంచి వచ్చేది. దీనికి కాలువతో పని లేదు, వానతో కూడా సూటిగా పని లేదు. ఏసీ వేసే రోజుల్లోనూ, ధనుర్మాసంలో దోమలకు భయపడి అన్నీ మూసుకుని పడుకునే రోజుల్లోనూ వస్తుంది. ఉప్పు పూత ఉండదు, పెచ్చులు ఊడవు. నల్లటి, ఆకుపచ్చటి చుక్కలు మూలల్లో, బీరువా వెనక, పరుపు అడుగున, మంచం తలాపి వెనక, గాలి ఆడని ప్రతి చోటా పుడతాయి. మా అమ్మ గదిలో జరిగింది ఇదే.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది. జానెడు పాలిథీన్ ముక్క గోడకు పెట్టి, నాలుగంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించండి. రెండు రోజులాగి చూడండి. నీటి చుక్కలు కాగితానికి గోడ వైపు ఉంటే తడి గోడలోంచి వస్తోంది. మన వైపు ఉంటే గదిలోని గాలిలోంచి వస్తోంది. రెండు వైపులా ఉంటే రెండు జబ్బులూ ఉన్నట్టే, మన ఊళ్లలో అదీ తక్కువేం కాదు.

ఇప్పుడు గాలి సంగతి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి అర్థం కానిది ఇదే. వేడి గాలి ఎక్కువ నీటిని మోస్తుంది, చల్లగాలి తక్కువ మోస్తుంది. 30 డిగ్రీల్లో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటిని ఆవిరిగా పట్టుకోగలదు. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే. మిగతాది ఎక్కడో దిగాలి. చల్లటి గ్లాసు మీద చెమట్లు పట్టేది అందుకే. గోడ చల్లగా ఉంటే గోడ మీద దిగుతుంది. మన దగ్గర వానాకాలంలో బయటి గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, ఆ గాలి 26 డిగ్రీల గోడను తాకినా చాలు, చెమరుస్తుంది. 26! మనం ఏసీ పెట్టేది ఎంతలో? మా ఇంట్లో మనవలొచ్చినప్పుడు 18.

మా అమ్మ పాత అలవాటు ప్రకారం తెల్లవారి ఐదింటికి లేచి, ఏసీ కట్టేసి, గదికి గాలి రావాలని కిటికీలు బార్లా తీసేది. రాత్రంతా చల్లబడ్డ గోడ మీదకి ఆషాఢమాసపు తడిగాలి వచ్చి పడేది. ఎదురు గోడలు ఫ్యానుగాలికి గంటలో ఆరిపోయేవి. బీరువా వెనక మాత్రం గాలి ఆడదు, అక్కడ తడి అలాగే కూర్చునేది. ప్రతి రోజూ. గోడ పైపొరలో తేమ 80 శాతం దగ్గర రోజుల తరబడి నిలిస్తే బూజుకు అంతకన్నా ఏం కావాలి? దానికి తిండి కూడా మనమే పెట్టాం: దుమ్ము, రంగులోని జిగురు.

కిటికీలు తెరవండి, గాలి ఆడనివ్వండి అని చలిదేశాల వాళ్లు చెప్పే సలహా వాళ్లకు నిజమే. వాళ్లకు చలికాలంలో బయటి గాలి పొడిగా ఉంటుంది. మనకు జూలైలో బయటి గాలే తడి. కాబట్టి ఎప్పుడు తెరవాలన్నది చూసుకోవాలి. ఏసీ వేసిన గది అయితే, కట్టేశాక ఫ్యాను వేసి, గోడలు మామూలు వేడికి వచ్చేదాకా ఒక గంటైనా ఆగి తెరవండి. పొద్దెక్కి, ఎండ తగిలాక ఇంకా మంచిది. ఏసీ లేని గదిలో ఈ బాధ లేదు. అక్కడ గోడా గాలీ ఒకే వేడిలో ఉంటాయి, ఎదురెదురు కిటికీలు తీసి ఉంచితే మేలే. మాఘ, ఫాల్గుణాల్లో మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు అన్ని గదులూ, బీరువాలూ, ట్రంకుపెట్టెలూ తెరిచిపెట్టండి. ఏడాదిలో మనకు దొరికే పొడిగాలి అదే.

గాలిలో తేమ ఎంతుందో తెలియాలంటే మీటరు ఉంది, ఇదిగో నా చేతిలో ఉన్నది. అయిదారు వందల్లో దొరుకుతుంది. అది లేకపోయినా మీ వంటింట్లో ఒకటి ఉంది. ఉప్పు డబ్బా. మెత్తటి ఉప్పు సరిగ్గా 75 శాతం తేమ దగ్గర చెమర్చడం మొదలుపెడుతుంది. రాళ్ల ఉప్పు ఇంకా ముందే. చిన్న సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి పడగ్గది మూల, బీరువా పక్కన పెట్టండి. అది పొడిగా ఉందంటే పరవాలేదు. ముద్దకట్టి నీరు కారిందంటే అక్కడ బూజు రావడానికి దారి తెరిచి ఉన్నట్టే. గదిలో 60 శాతం లోపు ఉంచగలిగితే బూజు పెరగదు. మన వానాకాలంలో అది కష్టం, నాకు తెలుసు. 70 దాటకుండా చూసినా చాలా మేలు.

ఈ ఉప్పు సంగతి గోడకూ వర్తిస్తుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు ఇసుకతో, ఉప్పు నీళ్లతో కట్టిన ఇళ్లున్నాయి. ఆ గోడలో కలిసిన ఉప్పు మీ డబ్బాలో ఉప్పులాగే ప్రవర్తిస్తుంది. ఎక్కడా లీకు లేకపోయినా వానాకాలం రాగానే గోడ చెమరుస్తుంది. ఇల్లు కట్టేవాళ్లు దయచేసి ఇసుక నోట్లో వేసుకుని చూడండి, లేదా పరీక్ష చేయించండి. ఒకసారి గోడలోకి వెళ్లిన ఉప్పును తీయడం నా చేతకాదు.

గదిలోకి తడి మనమే ఎంత తెస్తున్నామో చూడండి. నిద్రలో ఒక మనిషి గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఊపిరిలో, చెమటలో వదులుతాడు. నలుగురు ఒకే గదిలో పడుకుంటే తెల్లవారేసరికి లీటరు పైమాట. ముసురు పట్టిందని పడగ్గదిలో దండెం కట్టి, ఫ్యాను కింద బట్టలు ఆరేస్తాం. ఒక బకెట్టు బట్టల్లోంచి రెండు లీటర్లయినా గాలిలోకి వెళ్తుంది. ఇంకోటి చెబితే మీరు నమ్మరు. గ్యాసు కాలినా నీరే పుడుతుంది. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి దాదాపు 22 లీటర్ల నీరు ఆవిరిగా ఇంట్లోకి వస్తుంది, గిన్నెలోంచి లేచే ఆవిరి కాకుండానే. హాల్లో కలిసిపోయిన వంటిల్లు పెట్టుకుని చిమ్నీ వేయకపోతే ఆ ఆవిరంతా చల్లగా ఉన్న గదిని వెతుక్కుంటూ పోతుంది. చల్లగా ఉండేది ఏసీ పడగ్గదే.

పాత ఇళ్లే మంచివని నేను అనను. 1996 నవంబరు తుపానుకు పెంకులు ఎలా లేచిపోయాయో మీలో పెద్దవాళ్లు చూశారు. కానీ ఆ ఇళ్లు కట్టినవాళ్లకు తడి గురించి బాగా తెలుసు. అరుగు నడుము ఎత్తున పోసేవారు. గోడకు గుల్లసున్నం. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, పైగా కొత్తగా కొట్టిన సున్నం క్షారం కాబట్టి దాని మీద బూజు పుట్టదు. ఏటా సంక్రాంతికి సున్నం కొట్టడంలో పండగ ఎంతో, గోడ ఆరోగ్యం అంత ఉంది. మండువా నుంచి గాలి లేచేది, గోడ పైన వెంటిలేటరు ఉండేది. ఇప్పుడు ఏసీ గాలి పోతుందని వెంటిలేటరు పూడ్చేశాం. గోడకు రబ్బరు తొడుగు లాంటి రంగు వేశాం. ఇంటి ముందు రోడ్డు వేసిన ప్రతిసారీ అడుగు లేచింది, మన బేస్‌మెంట్ మాత్రం అక్కడే ఉండి ఇల్లు పల్లమైపోయింది.

నేలలోంచి వచ్చే నెమ్ముకు ఏం చేయాలి? ముందు బయట చూడండి. మెరక వేయించినప్పుడు గోడకు ఆనించి మట్టి పోశారా? తీయించండి. లోపలి గచ్చు కంటే బయటి నేల కనీసం అడుగు కిందన ఉండాలి. ఇంటి చుట్టూ రెండడుగుల వెడల్పున, బయటికి వాలుగా గచ్చు చేయించండి. చూరు నీళ్లు, బోరు దగ్గర నీళ్లు, ఏసీ పైపు నీళ్లు గోడ మొదట్లో పడకూడదు. ఏసీ పైపు గురించి నొక్కి చెబుతున్నాను. పైపు గోడ మధ్యలో వదిలేస్తారు, రోజుకు బకెట్టు నీళ్లు గోడను తడుపుతూ జారతాయి, నెమ్ము ఎక్కడిదో అని ఇంటిల్లిపాదీ వెతుకుతారు. ఇంత చేసినా ఆగకపోతే సిమెంటు పూత మూడున్నర అడుగుల దాకా తీసేసి, ఒక వేసవి ఆరనిచ్చి, సున్నం పూత వేయించండి. గోడ అడుగున వరసగా బెజ్జాలు వేసి మందు ఎక్కించే పద్ధతీ ఉంది. తెలిసిన మేస్త్రి నిదానంగా చేస్తే పనిచేస్తుంది, ఖర్చెక్కువ. నాలుగడుగుల దాకా టైల్సు అంటించి కప్పేయడం మాత్రం వద్దు. లోపలి తడికి బయటికి దారి లేక టైల్సు దాటి ఇంకా పైకి ఎక్కుతుంది.

కొత్తగా కట్టేవాళ్లకు ఒక్క మాట. బేస్‌మెంట్ మీద గోడ లేవకముందు తడి ఆపే పొర వేస్తారు, డీపీసీ. ఒకటిన్నర అంగుళం కాంక్రీటు, పైన తారు. మొత్తం ఇంటి ఖర్చులో అది లెక్కలోకి రాదు. అది మానేస్తే తర్వాత ఇల్లున్నంత కాలం బాధ. ఆ రోజు మీరు పని దగ్గర ఉండి చూసుకోండి.

గాలి తడికి మందు తేలిక, ఓపిక కావాలి. బీరువా, మంచం గోడకు బెత్తెడు ఎడంగా జరపండి. బాత్రూమ్ గోడకు, బయటి గోడకు వార్డ్‌రోబ్ కట్టించకండి, లోపలి గోడ చూసుకోండి. ఏసీ 26, 27లో పెట్టి ఫ్యాను వేసుకోండి. బాత్రూమ్ తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికి ఊదేలా పెట్టి, స్నానం అయ్యాక పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. బట్టలు వరండాలోనో, మెట్ల గదిలోనో ఆరేయండి. టైల్సు మీద నేరుగా పరుపు వేసి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లు పొద్దున్నే పరుపు లేపి నిలబెట్టండి, అడుగున చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. కలరా ఉండలు పురుగుకు, బూజుకు కాదు. సాంబ్రాణి వాసనకు, తడికి కాదు.

ఇక పట్టిన బూజును తీయడం. మన భాషలో సాలెగూడూ బూజే, ఇదీ బూజే. అందుకే బూజుకర్ర తీసుకుని దులిపేస్తాం. ఈ బూజును పొడిగా దులపడం చాలా తప్పండీ. కంటికి కనిపించని గింజలు కోట్లలో గాలిలోకి లేచి, ఇంకో గదిలో నాటుకుంటాయి, మన ముక్కులోకి వెళ్తాయి. ముందు ఎన్95 మాస్కు, చేతులకు గ్లవ్స్. ఉబ్బసం ఉన్నవాళ్లూ, చంటిపిల్లలూ, గర్భిణులూ ఆ పూట ఇంకో ఇంట్లో ఉండాలి. గది తలుపు మూసి, ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, సర్ఫు నీళ్లలో ముంచిన గుడ్డతో తడిపి తుడవండి. గుడ్డలు తర్వాత పారేయండి. ఆరేదాకా ఆగి మళ్లీ తుడవండి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. లోపలి దాకా బూజు పట్టిన పరుపు, తలగడ ఆశపడి ఉంచుకోవద్దు. ఒక చదరపు మీటరుకు మించి బూజు పాకిందంటే, లేదా సీలింగులోకి వెళ్లిందంటే, మీరు చేయకండి, పని తెలిసినవాళ్లను పెట్టండి.

(వెనక వరసలో ఒక అమ్మ అడిగారు: మా పడమటి గోడ పక్కనే రొయ్యల చెరువు తవ్వారండీ, ఏం చేయమంటారు?)

అమ్మా, మీది ఈ జిల్లాలో చాలామంది బాధ. చెరువులో నీళ్లు మీ గచ్చు కంటే ఎత్తులో ఉంటే, కాలువ కట్టేసినా మీ గోడ ఆరదు. ఆ వైపు గోడ మాత్రమే తడిగా ఉండటం దానికి గుర్తు. చెరువు గట్టుకూ మీ గోడకూ మధ్య లోతుగా ఒక బోదె తవ్వించి, ఊటను డ్రెయినులోకి తిప్పగలిగితే తగ్గుతుంది. గట్టు మీ గోడకు ఆనుకుని ఉంటే మాత్రం అది ఇంటి పనితో తీరేది కాదు. ఏడాది పొడుగునా తేదీలు వేసి ఫోటోలు తీసి ఉంచుకుని పంచాయతీలో అర్జీ పెట్టండి. ఆ గదిలో పిల్లలు పడుకుంటుంటే ముందు వాళ్లను తూర్పు గదికి మార్చండమ్మా. అర్జీ తేలేదాకా ఆగొద్దు.

(ఇంకొకరు: మాది లంకలండీ. వరద వచ్చి వెళ్లాక ఎన్నాళ్లకు రంగు వేయొచ్చు?)

2022 జూలై వరదలో మీ గోడలు ఎంత ఎత్తు మునిగాయో చూశాను బాబాయ్ గారూ. తడిసిన ఇటుక గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల అని లెక్క. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరితే నాలుగైదు నెలలు. జూలైలో వరదొస్తే దసరాకు రంగులు వేయకండి. సంక్రాంతి దాకా వట్టి గోడ ఉండనివ్వండి, చూడటానికి బాగోకపోయినా సరే. కావాలంటే సున్నం కొట్టండి, దానిలోంచి తడి బయటికి పోతుంది. మంచాలు గది మధ్యలో వేసుకోండి.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఇద్దరు ముగ్గురు రాసి పంపారు. గోడ మీది కాదు కాబట్టి సామాను జరపడం, ఫ్యాను, ఏసీ వేడి పెంచడం, బట్టలు బయట ఆరేయడం, ఇవే మీ చేతిలో ఉన్నవి. పాలిథీన్ పరీక్ష చేసి, గోడ వైపు నీళ్లొస్తే ఫోటో తీసి ఇంటివారికి చూపించండి. మీరు కిటికీ తీయకపోవడం వల్లే అని వాళ్లు అనకుండా అది పనికొస్తుంది.

మా అమ్మ గది అడిగారు. బీరువా ఇప్పుడు లోపలి గోడకు, బెత్తెడు ఎడంగా ఉంది. వెంటిలేటరు మళ్లీ తెరిపించి, ఏసీ లేనప్పుడు తీసి ఉంచుతున్నాం. గోడకు రంగు గీకించి సున్నం వేయించాను. రెండు వానాకాలాలు గడిచాయి, చుక్క రాలేదు. అమ్మ మళ్లీ ఆ గదిలోనే పడుకుంటోంది. పట్టుచీర నీడలో ఆరేసి, బయట వరండాలో మెత్తటి బ్రష్షుతో దులిపి, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాం. వాసన పోయింది, అంచు పక్కన పొడలు పూర్తిగా పోలేదు.

ఈ మీటరు చూడండి, ఈ హాల్లో ఇప్పుడు 84 చూపిస్తోంది. ఇది ఈ గ్రంథాలయంలోనే వదిలి వెళ్తున్నాను. పుస్తకం తీసుకెళ్లినట్టే రిజిస్టరులో పేరు రాసి తీసుకెళ్లండి. వారం రోజులు పడగ్గదిలో పెట్టి, తెల్లవారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అంకె రాసుకుని, తిరిగి తెచ్చి ఇవ్వండి. బ్యాటరీ కొత్తదే వేశాను. మొదట ఆ రొయ్యల చెరువు పక్కనున్న అమ్మకు ఇవ్వండి.